గుర్రానికి మాలిష్, అయస్కాంత చికిత్స: ముందు నొప్పి ఎక్కడో వెతకండి

(గుర్రాలు పెంచేవాళ్లు, స్వారీ చేసేవాళ్లు, లాయాల్లో పనిచేసేవాళ్ల కోసం ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటం వద్దు.

మొదలుపెట్టే ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ గుర్రానికి వీపు నొప్పిగా ఉందని మీకెలా తెలుస్తుంది? చెప్పండి. "జీను తెస్తుంటేనే చెవులు వెనక్కి పెడుతుంది." బాగుంది. "పట్టీ బిగిస్తుంటే కరవడానికి వస్తుంది." అదీ సరే. ఇంకా? "ఎక్కగానే వీపు కిందికి దించేస్తుంది." అవును. మూడూ నిజమే. మరి ఈ మూడింటికీ లాయంలో మనం పెట్టే పేరేంటి? పొగరు. మొండితనం. "ఇది ఎప్పుడూ ఇంతే" అనేస్తాం. ఆ మాట మనం ఎంత తేలిగ్గా అంటామో, గుర్రం అంతకాలం నొప్పి మోస్తుంది. అందుకే మాలిష్ గురించి, ఈ అయస్కాంత యంత్రాల గురించి చెప్పమని మీరు పిలిస్తే నేను నొప్పి దగ్గర మొదలుపెడుతున్నాను. అక్కడ మొదలుపెట్టకపోతే మిగతాదంతా వృథా.

గుర్రం నొప్పిని దాచుకునే జంతువు. వేటాడబడే జంతువు కదా, కుంటుతూ కనిపిస్తే ప్రాణానికే ముప్పు. కాబట్టి అది అరవదు, మూలగదు. కానీ ముఖం దాచుకోలేదు. 2014లో గుర్రం ముఖంలో నొప్పిని కొలవడానికి ఒక పద్ధతి వచ్చింది. అందులో ఆరు విషయాలు చూస్తారు. చెవులు బిగుసుకుని వెనక్కి తిరగడం, కళ్లు సగం మూయడం, కంటిపైన కండరం బిగుసుకోవడం, దవడ కండరాలు ఉబ్బి కనిపించడం, నోరు బిగబట్టడంతో గడ్డం ముందుకు పొడుచుకురావడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం. ఇవి చూడటానికి యంత్రం ఏమీ అక్కర్లేదు. స్వారీలో ఉన్న గుర్రానికి స్యూ డైసన్ అనే పశువైద్యురాలు 24 ప్రవర్తనల పట్టిక తయారుచేశారు. తోక విదిలించడం, తల ఎగరేయడం, నోరు తెరిచే ఉంచడం, తడబడటం, ఇలాంటివి. వాటిలో ఎనిమిదో, అంతకన్నా ఎక్కువో కనిపిస్తే ఎముకలు, కండరాల నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇంటికెళ్లాక మీ గుర్రాన్ని ఎవరైనా నడుపుతుంటే వీడియో తీసి, తీరిగ్గా చూడండి. మొదటిసారి చూసినవాళ్లకి గుండె కలుక్కుమంటుంది.

ఇప్పుడు ఒళ్లు. గుర్రానికి మనలా మెడ కింద భుజం వైపు సాగే ఎముక, అంటే కాలర్ బోన్ లేదు. ముందుకాళ్లకీ మొండేనికీ ఎముకల కీలు లేదు. మరి ఏం పట్టుకుని ఉంది? కండరాలే. రెండు ముందుకాళ్ల మధ్య మొత్తం ఛాతీ కండరాల్లో వేలాడుతూ ఉంటుంది. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే. 500 కిలోల గుర్రం అనుకుంటే 300 కిలోలు. దాని మీద మనం ఎక్కుతాం. అందుకే మెడ మొదట్లో, భుజం దగ్గర, మూపు వెనక అంత తరచుగా బిగుతు కనిపిస్తుంది. ఇక వెన్నెముకకి అటూ ఇటూ మెడ నుంచి తుంటిదాకా సాగే పొడవైన కండరం ఉంది, లాంజిసిమస్ అంటారు. జీను కూర్చునేది సరిగ్గా దాని మీదే.

ముందుకాలి మోకాలి కింద, వెనకకాలి మడమ కీలు కింద కండరం దాదాపు ఉండదు. ఉన్నవి స్నాయువులు అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు, లిగమెంట్లు అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు, ఎముక, చర్మం. కాబట్టి ఎవరైనా "కాలి కింది భాగంలో కండరాలు వదులు చేస్తాను" అంటే, లేనిదాన్ని ఎలా వదులు చేస్తారని అడగండి. గట్టిగానే అడగండి.

చర్మం గురించి కూడా చెప్పాలి. ఈగ వాలితే గుర్రం ఆ చోట మాత్రమే చర్మం విదిలిస్తుంది, చూశారు కదా? అంత సున్నితం. అలాంటి ఒంటి మీద మొదటి నిమిషంలోనే మోచేత్తో అదిమితే ఏమవుతుంది? కండరం ఇంకా బిగుసుకుంటుంది. "భలే గట్టిగా ఉంది, ఇంకా గట్టిగా నొక్కాలి" అని మనం అనుకుంటాం. ఆ గట్టితనం మన చెయ్యి వల్లే వచ్చింది.

సరే, మాలిష్ వల్ల నిజంగా ఏం జరుగుతుంది? గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కుంటాయి, ఎక్కువగా మూపు దగ్గర, మెడ మొదట్లో. 1993లో వచ్చిన ఒక పరిశోధనలో మనుషులు అదే చోట, అదే తీరులో గోకితే గుర్రం గుండె వేగం తగ్గింది. వేరే చోట గోకితే తగ్గలేదు. అంటే చెయ్యి ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. కొత్త గుర్రం దగ్గరికి వెళ్లినప్పుడు ముక్కు నిమరకండి, నుదురు తట్టకండి. మూపు దగ్గర మొదలుపెట్టండి. అది వాటి భాష.

రెండో విషయం. 2008లో ఒక పరిశోధన వచ్చింది. వీపు మీద ఎంత ఒత్తిడి పెడితే గుర్రం తప్పుకుంటుందో ఒక పరికరంతో కొలిచారు. మాలిష్ చేసిన గుర్రాల్లో వారం తర్వాత ఆ ఒత్తిడి సుమారు 12 శాతం పెరిగింది, అంటే అంతవరకు ఓర్చుకుంది. ఫినైల్‌బ్యుటాజోన్ అనే నొప్పి మందు ఇచ్చినవాటిలో 8 శాతం పెరిగింది. ఆగండి, ఇది విని మందు మానేసి మాలిష్ చేద్దామని అనుకోకండి. ఆ గుర్రాలకి జబ్బేమీ లేదు, ఆరోగ్యంగా ఉన్నవే. జబ్బు గుర్రంలో కూడా ఇంతే అవుతుందని ఆ లెక్క చెప్పదు. కానీ చేతి పని ఉత్తదే కాదని మాత్రం చెబుతుంది.

చేయనిదేంటో కూడా చెప్పుకోవాలి. "పరిగెత్తాక కండరాల్లో లాక్టిక్ ఆసిడ్ పేరుకుంటుంది, మాలిష్ చేస్తే అది బయటికి పోతుంది" అని ఎంతమంది విన్నారు? చూశారా, దాదాపు అందరూ చేతులెత్తారు. అది నిజం కాదండి. ఆ లాక్టిక్ ఆసిడ్‌ని, పని ఆపాక గంటా రెండు గంటల్లో ఒళ్లే వాడేసుకుంటుంది. దాన్ని తొందరగా తగ్గించాలంటే మంచి మార్గం నెమ్మదిగా నడిపించడం. దౌడు ఆపగానే గుర్రాన్ని కట్టేసి మాలిష్ మొదలుపెట్టడం కన్నా పది పదిహేను నిమిషాలు చేత్తో పట్టుకుని నడిపించడం మేలు. మర్నాడు వచ్చే ఒళ్లునొప్పులకీ లాక్టిక్ ఆసిడ్‌కీ సంబంధం లేదు. ఇక "విషాలు బయటికి పోతాయి" అనే మాట. ఏ విషం? ఎక్కడుంది? ఎటు పోతుంది? ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి.

నన్నడిగితే మాలిష్‌లో అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది. రోజూ ఒళ్లంతా చెయ్యి వేసేవాడికి తేడా మొదటి రోజే తెలుస్తుంది. నిన్న లేని వేడి, నిన్న లేని వాపు, నిన్న ఓర్చుకుని ఇవాళ తప్పుకున్న చోటు. లాయంలో పనిచేసే కుర్రాళ్లకి ఇది నాకన్నా ముందు తెలుస్తుంది. వాళ్లు చెబితే వినండి. దయచేసి వినండి. "డాక్టరుగారు చూశారు కదా, నీకేం తెలుసు" అనకండి. నేను చూసేది అరగంట. ఆ అబ్బాయి చూసేది రోజంతా.

చేసే తీరు కొంచెం చెబుతాను, మిగతాది తర్వాత చేసి చూపిస్తాను. ముందు వెంట్రుకల వాలున, అరచేత్తో, మెడ నుంచి తుంటిదాకా నిమరండి. ఒక చెయ్యి ఎప్పుడూ గుర్రం మీదే ఉండాలి, మీరెక్కడున్నారో దానికి తెలియాలి. తర్వాత అరచేతి మడమతో నెమ్మదిగా అదిమి, వదలండి. కండరం కాస్త మెత్తబడ్డాకే పిసకడం. ఎముక మీద, వెన్నుపూసల కొనల మీద నొక్కకండి. ఒకే చోట పట్టుబట్టి కూర్చోకండి. మొత్తం అరగంట, ముప్పావుగంట చాలు. మీ కళ్లు చేతుల మీద కాదు, దాని ముఖం మీద ఉండాలి. తల కిందికి దించి, కింది పెదవి వేలాడేసి, కళ్లు మెత్తబడితే సరిగ్గా వెళ్తున్నారు. నాలుక చప్పరించడం, ఆవలించడం మాత్రం తొందరపడి హాయి అనుకోకండి. ఒత్తిడి నుంచి తేరుకునేటప్పుడు కూడా చప్పరిస్తుంది, కడుపు నొప్పికి కూడా ఆవలిస్తుంది. మిగతా ముఖంతో కలిపి చూడాలి. తోక విదిలించి, కాలు ఎత్తి, మీ వైపు తల తిప్పితే మాత్రం ఆపండి. అది చెప్పేసింది.

ఎప్పుడు చేయకూడదు? ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. పని మధ్యలోనో, పని అయ్యాకో గుర్రం ఒక్కసారిగా బిగుసుకుపోయి, అడుగు వేయలేక, చెమటలు పట్టి, తుంటి కండరాలు రాయిలా గట్టిపడితే అది మాలిష్ చేసే బిగుతు కాదు. కండరం లోపల చితికిపోతోంది. మూత్రం కాఫీ రంగులో వస్తే ఇంకా ప్రమాదం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. టైయింగ్ అప్ అంటారు దీన్ని. పిసకొద్దు, నడిపించొద్దు, ఉన్నచోటే ఉంచి డాక్టరుని పిలవండి. ఆ గట్టి కండరాన్ని వదులు చేద్దామని ఇద్దరు ముగ్గురు కలిసి పిసుకుతుంటే చూశాను నేను. మంచి మనసుతోనే చేస్తున్నారు. కానీ గుర్రానికి అది నరకం.

అలాగే కాలి వెనక స్నాయువు వేడిగా, ఉబ్బి ఉంటే రుద్దకండి. చల్లటి నీళ్లు ఓ ఇరవై నిమిషాలు పోసి, స్కాన్ చేయించండి. స్నాయువు చిట్లితే మామూలుగా తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, ఏ మాలిషూ దాన్ని నెలకి తగ్గించదు. జ్వరం ఉంటే వద్దు. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తామర ఉంటే వద్దు, మీ చేతుల ద్వారా లాయమంతా పాకుతుంది. బూడిద రంగు, తెల్ల గుర్రాల్లో వయసు మీదపడ్డాక తోక కింద, చెవి దగ్గర నల్లటి గడ్డలు వస్తాయి, మెలనోమా. వాటిని పిసకకండి, చూపించండి.

ఇప్పుడు మీరందరూ ఎదురుచూస్తున్న యంత్రాల దగ్గరికి వద్దాం. పీఈఎంఎఫ్. పల్స్‌లుగా వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రం. లోపల ఉండేది ఒక తీగచుట్ట. అందులో కరెంటు వచ్చి ఆగి, వచ్చి ఆగి పోతుంటుంది. కరెంటుతో పాటే అయస్కాంత క్షేత్రం పుట్టి, పోతుంటుంది. 1831లో మైకెల్ ఫారడే చూపించింది ఏమిటి? అయస్కాంత క్షేత్రం మారుతుంటే, పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది. గుర్రం ఒళ్లు ఉప్పునీటి వాహకమే. ఆ క్షేత్రం వెంట్రుకలు, చర్మం, ఎముక అన్నీ దాటి లోపలికి వెళ్లి చిన్న కరెంటు పుట్టిస్తుంది. ఇందులో మాయ లేదు, భౌతికశాస్త్రమే.

కానీ "మారుతుంటే" అన్న మాట పట్టుకోండి. బూట్లలో, దుప్పట్లలో కుట్టే మామూలు అయస్కాంతం బిళ్లలు ఉంటాయి కదా, వాటి క్షేత్రం మారదు. కదలకుండా నిలబడ్డ గుర్రంలో అవి కరెంటు పుట్టించవు. "రక్తంలో ఇనుము ఉంది, అయస్కాంతం దాన్ని లాగుతుంది, రక్తప్రసరణ పెరుగుతుంది" అంటారు. రక్తంలో ఇనుము మేకులా ఉండదండి. హిమోగ్లోబిన్ అణువులో బంధించి ఉంటుంది. ఆక్సిజన్ నిండిన రక్తాన్ని అయస్కాంతం ఆకర్షించదు సరికదా, అతి స్వల్పంగా వికర్షిస్తుంది. ఆ మాట చెప్పి అమ్మేవాళ్ల దగ్గర ఏమీ కొనకండి.

మరి ఈ యంత్రాలు వైద్యంలోకి ఎలా వచ్చాయి? ఎముక ద్వారా. 1957లో జపాన్‌లో ఫుకాడా, యసుదా అనే ఇద్దరు, ఎముకని వంచితే అందులో విద్యుత్తు పుడుతుందని చూపించారు. తర్వాత న్యూయార్క్‌లో ఆండ్రూ బాసెట్ బృందం 1970ల్లో, బయటినుంచి పల్స్ క్షేత్రం ఇచ్చి అతకని ఎముకని అతికించవచ్చేమో చూశారు. 1979లో అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ మనుషుల్లో అతకని విరుగుళ్లకి అనుమతి ఇచ్చింది. గౌరవించాల్సిన చరిత్ర అది. కానీ అక్కడ రోగి ఆ పరికరాన్ని రోజుకి గంటల తరబడి, నెలల పాటు వాడేవాడు. అదీ విరిగిన ఎముకకి. ఆ చరిత్ర చూపించి, వీపు నొప్పికి వారానికోసారి అరగంట దుప్పటి కప్పి అదే ఫలితం వస్తుందంటే ఎలా?

గుర్రాలకి వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి బ్యాటరీతో నడిచే దుప్పట్లు, బూట్లు. తక్కువ శక్తి, గుర్రానికి ఏమీ తెలియదు. రెండోది పెద్ద యంత్రం, లావుపాటి గొట్టం లాంటి చుట్టలు మెడ మీద, వీపు మీద వేస్తారు. టక్ టక్ అని శబ్దం వస్తుంది, ప్రతి పల్స్‌కీ కండరం ఎగురుతుంది. ఆ కరెంటు నరాన్ని తట్టి లేపుతోంది కాబట్టి ఎగురుతుంది. "ఎంత బాగా పనిచేస్తోందో చూడండి" అంటారు. కండరం ఎగిరింది, అంతవరకు నిజం. నొప్పి తగ్గిందా? అది వేరే ప్రశ్న. ఇంకోటి, కరపత్రంలో రాసే గాస్ లెక్క, అంటే అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉందో చెప్పే లెక్క, చుట్ట అంచున కొలిచినది. చుట్ట నుంచి దూరం పెరిగేకొద్దీ క్షేత్రం వేగంగా పడిపోతుంది. తుంటి లోతుల్లో ఉన్న కీలుకి అందేది ఎంతని అడగండి.

2014లో వీపు నొప్పి ఉన్న పోలో గుర్రాల మీద ఒక పరీక్ష జరిగింది. కొన్నిటికి పనిచేసే పరికరం, కొన్నిటికి ఆఫ్ చేసినది. ఏది ఏదో కొలిచేవాళ్లకి తెలియదు. ఫలితం? రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న పరీక్షే, దానితో అంతా తేలిపోదు. ఇంకో యంత్రం, ఇంకో మోతాదు వేరేలా ఉండొచ్చు. కానీ "నా గుర్రానికి బాగైంది, నా కళ్లతో చూశాను" అన్న మాటకి ఇది జవాబు.

ఏంటమ్మా? గట్టిగా అడగండి... సరే, ఆమె అడుగుతున్నది ఏంటంటే, "గుర్రానికి నమ్మకం, భ్రమ ఉండవు కదా, మరి దానికి తగ్గిందంటే నిజంగా తగ్గినట్టే కదా?" చాలా మంచి ప్రశ్న. గుర్రానికి ఉండవు. మనకుంటాయి. డబ్బు పెట్టాం, ఆశ పెట్టుకున్నాం, తగ్గినట్టే కనిపిస్తుంది. కుక్కల కుంటితనం మీద చేసిన పరీక్షల్లో మందేమీ లేని ఉత్త మాత్ర ఇచ్చినా యజమానులకి తగ్గినట్టు కనిపించింది, డాక్టర్లకి కూడా కనిపించింది. కొలిచే యంత్రానికి కనిపించలేదు. పైగా చికిత్స రోజుల్లో మనం గుర్రానికి విశ్రాంతి ఇస్తాం, పక్కనే నిలబడతాం, ప్రేమగా చూస్తాం. వాటి ఫలితం కూడా యంత్రం ఖాతాలో పడుతుంది.

మరి వాడొద్దా? వాడకండి అనడం లేదు. జబ్బేంటో తేలాక, డాక్టరు చెప్పిన వ్యాయామంతో పాటు, దానికి తోడుగా వాడితే నాకు అభ్యంతరం లేదు. గుర్రం ప్రశాంతంగా నిలబడుతుంటే మంచిదే. చూడిగుర్రాలకి, గడ్డలున్నవాటికి, రక్తస్రావం ఉన్నచోట వద్దు. ఒంట్లో లోహపు ప్లేట్లు ఉంటే ముందు డాక్టరుని అడగండి. లోహపు కళ్లెం తీసేసి తాడు వేయండి. గుండెకి పేస్‌మేకర్ ఉన్న మనిషి ఆ యంత్రం దగ్గరికి రాకూడదు, లాయంలో ఈ మాట అందరికీ తెలిసేలా రాసి పెట్టండి. అంతర్జాతీయ పోటీలకి వెళ్లేవాళ్లు ఎఫ్‌ఈఐ, అంటే అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య, నిబంధనలు ముందే చదువుకోండి, అక్కడ ఎవరు చికిత్స చేయవచ్చో, ఏ పరికరం వాడవచ్చో వాళ్లే చెబుతారు.

నా అసలు బాధ యంత్రం మీద కాదు. అసలు కారణం వెతక్కుండా యంత్రం నడిచిన నెలల మీద. మన కాల్లో ముల్లు గుచ్చుకుంటే కుంటుతాం, రెండ్రోజులకి నడుము పట్టేస్తుంది. నడుముకి ఎంత తైలం రాసినా ముల్లు ముల్లే. గుర్రానికీ అంతే. వీపు బిగుతు చాలాసార్లు వీపులో పుట్టదు. డెక్కలో ఉంటుంది, వెనకకాలి కీల్లో ఉంటుంది, పళ్లలో ఉంటుంది, సరిపడని జీనులో ఉంటుంది, రౌతు ఒకవైపు వాలి కూర్చోవడంలో ఉంటుంది. కొన్నిసార్లు వీపులోనే, వెన్నుపూసల కొనలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటాయి, ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. జీను ఎప్పుడూ ఒకే పక్కకి జారుతుంటుంది, చూశారా? అందరూ జీనుని, రౌతుని తప్పుపడతారు. 2013లో వచ్చిన పరిశోధనలో తేలిందేంటంటే, చాలా గుర్రాల్లో కారణం వెనకకాలి కుంటితనం. కొన్నిసార్లు పైకి సరిగ్గా కనపడనంత చిన్న కుంటితనం. ఆ కాలికి మత్తు సూది వేసి నొప్పి తెలియకుండా చేస్తే దాదాపు అన్నిటిలో జీను జారడం ఆగిపోయింది. అదే జీను, అదే రౌతు. ఆలోచించండి, ఆ గుర్రాల వీపు మీద ఎన్ని నెలలు మాలిష్ జరిగి ఉంటుంది? ఎన్ని దుప్పట్లు కప్పి ఉంటారు?

కాబట్టి వరస ఇది. ముందు డాక్టరు కుంటితనం చూడాలి, గట్టి నేల మీద, మెత్తటి నేల మీద, గుండ్రంగా తిప్పి. లాడాలు వేసేవారిని పిలవండి. జీను చూడండి. పళ్లు చూడండి. ఆ తర్వాత చెయ్యి. ఆ తర్వాత, కావాలంటే, యంత్రం. రెండు మూడు సార్లు చికిత్స చేశాక కూడా అదే చోట అదే బిగుతు తిరిగి వస్తుంటే, నాలుగోసారికి డబ్బు కట్టకండి, మళ్లీ కారణం వెతకండి. నిజాయితీ ఉన్న మాలిష్ నిపుణుడు ఆ మాట మీకన్నా ముందు తనే చెబుతాడు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్లని వదులుకోకండి.

చివరి ప్రశ్న ఒకటి తీసుకుంటాను. ఆ, బాబూ, నువ్వే. "మాకు యంత్రం కొనే స్తోమత లేదు, గుర్రానికి అన్యాయం చేస్తున్నామా?" లేదు నాన్నా, ఏ అన్యాయమూ లేదు. రోజూ పని ముందు పది నిమిషాలు నడక, పని తర్వాత పది నిమిషాలు నడక, రోజుకి ఎక్కువసేపు లాయం బయట తిరగనివ్వడం, కొలతకి సరిపోయే జీను, వేళకి డెక్కలు చెక్కించడం. ఇవి ఉన్న గుర్రానికి యంత్రం లేదన్న లోటు లేదు. ఇవి లేని గుర్రానికి యంత్రం ఉన్నా లాభం లేదు.

ఇక బయటికి వెళ్దాం, గుర్రం సిద్ధంగా ఉంది. ఉంగరాలు, వాచీలు తీసేయండి, గోళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లు చూడండి చాలు, చెయ్యి వేయొద్దు. నలుగురు నలుగురుగా రండి, వెనకవైపు నుంచి ఎవరూ రావద్దు. ముందు మూపు దగ్గర చూపిస్తాను.